తెల్లారనివ్వు తమ్ముడూ: మేనమామే డ్యూటీలో ఉన్న రాత్రి జరిగిన యాక్సిడెంట్ కేసు

ఇది 2018లో కోస్తా ఆంధ్రలో నేను సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు దర్యాప్తు చేసిన కేసు. తర్వాత పోలీసు శిక్షణ క్లాసుల్లో కొత్త కానిస్టేబుళ్లకు దీన్ని చాలాసార్లు చెప్పాను. ఊరు, స్టేషన్, మనుషుల పేర్లు రాయడం లేదు. చనిపోయినతని కుటుంబం, కారు నడిపినతని కుటుంబం రెండూ ఇప్పటికీ ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. సెక్షన్లు అప్పటి ఐపీసీ (శిక్షాస్మృతి), సీఆర్పీసీ (నేర విచారణ స్మృతి)వి. అవసరమైన చోట 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టాల (ఐపీసీ బదులు బీఎన్ఎస్, సీఆర్పీసీ బదులు బీఎన్ఎస్ఎస్) నంబర్లు కూడా ఇస్తున్నాను.

ఎస్ఐని సాధారణంగా సొంత ఊరి స్టేషన్‌లో వేయరు. కానిస్టేబుళ్లు, హెడ్ కానిస్టేబుళ్లు, హోంగార్డులు మాత్రం ఆ జిల్లా వాళ్లే, చాలాసార్లు పక్క మండలం వాళ్లే. వాళ్లకు స్టేషన్ పరిధిలో అత్తగారి ఊరుంటుంది, అక్క ఇల్లుంటుంది, తోడల్లుడి పొలం ఉంటుంది. అందుకే బంధుత్వం, డ్యూటీ ఎదురుపడటం వాళ్ల ఉద్యోగంలో ఎప్పుడో ఒకసారి తప్పకుండా వచ్చే సంగతి. దాన్ని వాళ్ల వ్యక్తిగత నిజాయితీకే వదిలేసి డిపార్ట్‌మెంట్ ఊరుకోవడం నాకు మొదటినుంచీ నచ్చదు. ఎందుకు నచ్చదో ఈ కేసు చెబుతుంది.

ఆ రాత్రి

రాత్రి 10:50 ప్రాంతంలో ఎన్‌హెచ్ 16 పక్క సర్వీసు రోడ్డు మీద, రైస్ మిల్లులో పని ముగించుకుని మోటార్ సైకిల్ మీద ఇంటికెళ్తున్న ఒకతన్ని కారు వెనక నుంచి గుద్దింది. కారు ఆగలేదు. అటుగా వెళ్తున్న లారీ డ్రైవర్ 100కి ఫోన్ చేశాడు. నైట్ రౌండ్స్‌లో ఉన్న హెడ్ కానిస్టేబుల్ 11:15కి అక్కడికి చేరాడు. 108 వచ్చేసరికే ప్రాణం పోయింది. తలకు తగిలిన దెబ్బ అది. చనిపోయినతనికి భార్య, ఇద్దరు చిన్నపిల్లలు.

ఎస్ఐ వేరే జిల్లాకు బందోబస్తు డ్యూటీ మీద వెళ్లాడు. అలా లేనప్పుడు స్టేషన్‌లో ఉన్నవాళ్లలో ఆయన తర్వాతి ర్యాంకు వాడు, కానిస్టేబుల్ కంటే పై ర్యాంకు వాడైతే, సీఆర్పీసీ సెక్షన్ 2(ఓ) ప్రకారం అతనే స్టేషన్ ఇన్‌ఛార్జి. అంటే ఆ రాత్రికి చట్టం దృష్టిలో ఎస్‌హెచ్‌ఓ ఈ హెడ్ కానిస్టేబులే. ఎఫ్ఐఆర్ మీద సంతకం పెట్టాల్సిందీ అతనే.

రోడ్డు మీద టార్చి వేసి చూస్తే హెడ్‌లైట్ అద్దం పెంకులు, మోటార్ సైకిల్ ఇండికేటరు, వాటితోపాటు కారు ముందు బంపర్ ముక్క ఒకటి దొరికాయి. బంపర్ ముక్క మీద ఎరుపు, నీలం రంగుల పోలీస్ స్టిక్కర్ సగం ఉంది. దాన్ని అతను చూడగానే గుర్తుపట్టాడు. ఆ స్టిక్కర్ తన చేత్తోనే అంటించాడు, తన మేనల్లుడి కారుకి.

ఇక్కడ ఒక మాట. చుట్టాల బండ్ల మీద పోలీస్ స్టిక్కర్ అంటించడం మనవాళ్లకు చిన్న సరదాగా కనిపిస్తుంది. టోల్ గేటు దగ్గర మర్యాద, చెకింగ్ దగ్గర ఓ సెల్యూట్. ఆ స్టిక్కర్ పెట్టుకుని తిరిగే కుర్రాడికి అది ఇంకో సంగతి చెబుతుంది: ఏదైనా అయితే మావయ్య చూసుకుంటాడు. ఈ కేసు 10:50కి మొదలైందని నేను అనుకోను. అది అంటించిన రోజే మొదలైంది.

హెడ్ కానిస్టేబుల్ గురించి కొంచెం చెప్పాలి. అప్పటికి యాభైకి దగ్గర పడ్డాడు, సర్వీసులో ఒక్క రిమార్కు లేదు. తల్లి చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది. కానిస్టేబుల్ సెలక్షన్ కోసం పరుగు ప్రాక్టీసు చేసే రోజుల్లో రెండేళ్లు తన ఇంట్లోనే ఉంచుకుని అన్నం పెట్టింది. బావ చనిపోయాక ఆ ఇంటికి పెద్దదిక్కు ఇతనే అయ్యాడు. మేనల్లుడి చదువు, తర్వాత వాడు కారు ఫైనాన్సులో తీసుకున్నప్పుడు హామీ సంతకం, అన్నీ ఇతనివే. ఆ అక్క రుణం తీర్చుకోలేనిదని ఇతను చాలాసార్లు అనేవాడు.

11:40కి అక్కకు ఫోన్ చేశాడు. మేనల్లుడు అప్పటికే ఇంటికి చేరాడు. కారు పశువుల పాక వెనక పెట్టి, పరదా కప్పి ఉంది. ఫోన్ మేనల్లుడి చేతికి వచ్చింది. వాడు జరిగింది చెప్పి ఏడ్చాడు. తర్వాత అక్క మళ్లీ తీసుకుని అన్న మాట ఇది: "వాడిప్పుడు మాట్లాడే స్థితిలో లేడు. తాగున్నాడు. తెల్లారనివ్వు తమ్ముడూ. పొద్దున్నే నేనే తీసుకొచ్చి మీ స్టేషన్‌లో కూర్చోబెడతాను."

ఆమె అడిగిన దాని విలువ

నేను చూసినంతలో బంధువులు ఎప్పుడూ నేరం చేయమని అడగరు. కేసు కొట్టేయమని ఏ అక్కా అడగదు. కాస్త ఆగమంటారు, ఒక మాట ముందుగా చెప్పమంటారు, ఫలానా కాగితం రేపు రాయమంటారు. అడిగేదాంట్లో తప్పు కనిపించదు. అందుకే కాదనడం కష్టం. ఈ అక్క అయితే కొడుకుని అప్పగిస్తానని కూడా చెప్పింది. ఆ మాట నిజమేనని ఇప్పటికీ నమ్ముతాను.

కానీ తాగి నడిపిన కేసులో సాక్ష్యం మనిషి ఒంట్లో ఉంటుంది, అది గంట గంటకీ కరిగిపోతుంది. రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది, 100 మిల్లీలీటర్లకి. మనిషిని బట్టి కొంచెం ఎక్కువ తక్కువలుంటాయి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 ప్రకారం పరిమితి 30 మిల్లీగ్రాములు. ఆ రాత్రి 3:10కి తీసిన శాంపిల్‌లో ల్యాబ్‌కి దొరికింది 58. అక్క చెప్పినట్టు పొద్దున 7 గంటల దాకా ఆగి ఉంటే దాదాపు ఏమీ మిగిలేది కాదు. కుర్రాడు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషన్‌కి వచ్చేవాడు. మందు మాటే కేసులో ఉండేది కాదు.

ఇంకొక లెక్క అవతలి ఇంటిది. కారు దొరక్కపోతే, గుర్తు తెలియని వాహనం కింద చనిపోయినవాళ్ల కుటుంబానికి అప్పట్లో వచ్చే పరిహారం 25,000 రూపాయలు. (2022 ఏప్రిల్ 1 నుంచి అది 2 లక్షలైంది.) కారు దొరికితే ఇన్సూరెన్స్ కంపెనీ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో క్లెయిమ్ వేయొచ్చు. సంపాదించే మనిషి వయసు, జీతం, మీద ఆధారపడినవాళ్లను బట్టి అది లక్షల్లో ఉంటుంది. బండి దాచడమంటే మన పిల్లాడిని కాపాడుకోవడం ఒక్కటే అనుకుంటారు. అవతల ఇద్దరు పిల్లల చదువు కూడా ఆ పరదా కిందే ఉంటుంది. క్లాసులో ఈ లెక్క బోర్డు మీద వేస్తే కుర్రాళ్లు ఒక్కసారిగా నిటారుగా కూర్చుంటారు.

1:35 ఫోన్

హెడ్ కానిస్టేబుల్ ఆ ముక్కను తన మోటార్ సైకిల్ సైడ్ బాక్సులో పెట్టుకున్నాడు. మిగతా పనులన్నీ పద్ధతిగానే చేశాడు. శవాన్ని ఏరియా ఆసుపత్రి మార్చురీకి పంపాడు, ట్రాఫిక్ క్లియర్ చేశాడు, అద్దం పెంకులున్న చోటు చుట్టూ రాళ్లు పెట్టించి ఒక హోంగార్డును కాపలా ఉంచాడు. స్టేషన్‌కి వచ్చాడు. చనిపోయినతని తమ్ముడు ఫిర్యాదు ఇచ్చాడు. స్టేషన్ రైటర్ ఎఫ్ఐఆర్ తయారు చేసి, నిందితుడి కాలమ్‌లో "గుర్తు తెలియని వాహనం, గుర్తు తెలియని డ్రైవర్" అని నింపి సంతకానికి ముందు పెట్టాడు.

ఆ సంతకం అతను పెట్టలేకపోయాడు. బయటికి వెళ్లి నాకు ఫోన్ చేశాడు. "సార్, ఆ కారు మా అక్క కొడుకుది. బంపర్ ముక్క నా దగ్గరుంది. నేను సంతకం పెట్టకూడదు సార్, మీరు రండి."

ముక్క గుర్తుపట్టినప్పటి నుంచి ఈ ఫోన్ దాకా సుమారు రెండు గంటలు. ఆ రెండు గంటల్ని ఎలా చూడాలనేదే ఈ కేసులో అసలు చిక్కు. దాని మీద మా డిపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ఒకే మాట చెప్పగా నేను వినలేదు.

నేను ఫోన్‌లో మూడు పనులు చెప్పాను: సంతకం పెట్టొద్దు, అక్కకి మళ్లీ ఫోన్ చేయొద్దు, ఆ ముక్కను ఇక తాకొద్దు. పక్క స్టేషన్ ఎస్ఐని బ్రెత్ ఎనలైజర్ తీసుకుని రమ్మన్నాను. పై అధికారికి తన పరిధిలోని స్టేషన్‌లో ఎస్‌హెచ్‌ఓ చేయగలిగిన పనులన్నీ చేసే అధికారం సెక్షన్ 36 ఇస్తుంది (ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 30). 2:05కి ఎఫ్ఐఆర్ నేనే రిజిస్టర్ చేశాను. ఫిర్యాదులో ఏముందో అదే ఉంచాను, గుర్తు తెలియని వాహనమనే. ఫిర్యాదుదారుకి తెలిసింది అంతే కాబట్టి అతని నోట్లో మనం మాట పెట్టకూడదు. హెడ్ కానిస్టేబుల్ చెప్పింది స్టేషన్ రోజువారీ రికార్డైన జనరల్ డైరీలో విడిగా, టైముతో సహా ఎక్కించాను: ఎన్నింటికి గుర్తుపట్టాడు, ఎన్నింటికి ఎవరికి ఫోన్ చేశాడు, ముక్క ఎక్కడ పెట్టుకున్నాడు, నాకు ఎన్నింటికి చెప్పాడు. ఆ ఎంట్రీ కింద అతని చేతనే సంతకం పెట్టించాను. అప్పటి నుంచి అతను ఈ కేసులో సాక్షి. పోలీసు పాత్ర అక్కడితో అయిపోయింది.

"ముక్కని మళ్లీ అక్కడే పెడదాం సార్"

అదే గంటలో ఇంకో ఒత్తిడి వచ్చింది. అది రక్తసంబంధం నుంచి వచ్చింది కాదు, ఖాకీ సంబంధం నుంచి వచ్చింది. నా దృష్టిలో అది ఇంకా ప్రమాదకరమైనది.

స్టేషన్‌లో ఒకరు, మంచి మనసుతోనే, ఒక ఉపాయం చెప్పారు. ఆ ముక్కను మళ్లీ రోడ్డు మీద పెడదాం, తెల్లవారాక వీఆర్వోని, మధ్యవర్తుల్ని పిలిచి సీన్ పంచనామాలో దొరికినట్టు రాద్దాం, హెడ్డు పేరు ఎక్కడా రాదు, కేసు కూడా బలంగా ఉంటుంది. నిందితుడు ఎలాగూ మేనల్లుడే, కారు ఎలాగూ అదే, ఎవరికీ అన్యాయం జరగదు కదా అని వాదన.

ఆ వాదన వినడానికి బాగానే ఉంటుంది. కానీ అలా రాస్తే ఐపీసీ 218 (ఇప్పుడు బీఎన్ఎస్ 256) కింద తప్పుడు రికార్డు తయారు చేసిన నేరం నాది. అంతకన్నా పెద్ద సంగతి, కేసు మొత్తం ఒక అబద్ధం మీద నిలబడుతుంది. 11:40 ఫోన్ కాల్ రికార్డుల్లో ఉంది. కాపలా ఉన్న హోంగార్డు ముక్క లేని రోడ్డును చూశాడు. రేపు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒక్క ప్రశ్న చాలు, అబద్ధంతోపాటు నిజం కూడా పోతుంది. హెడ్ కానిస్టేబుల్‌ని కాపాడాలని చేసిన పని అతన్నే ముంచేది.

కాబట్టి ముక్కను స్టేషన్‌లోనే, 2:20కి, ఇద్దరు మధ్యవర్తుల ముందు, "హెడ్ కానిస్టేబుల్ హాజరుపరచగా" అని ఉన్నది ఉన్నట్టు రాసి సీజ్ చేశాను. పంచనామా చూడటానికి వికారంగా ఉంటుంది. పీపీ (పబ్లిక్ ప్రాసిక్యూటర్) గారు మొదటిసారి ఫైలు చదివి మొహం చిట్లించారు. ఫైలు అందంగా ఉండాలన్న కోరిక దర్యాప్తు అధికారులకు పెద్ద జబ్బు. జరిగింది వికారంగా ఉంటే రికార్డు కూడా అలాగే ఉండాలి.

అక్క ఇంటి దగ్గర

2:40కి ఆ ఇంటికి వెళ్లాం, పక్క స్టేషన్ ఎస్ఐ, ఒక మహిళా కానిస్టేబుల్, నేను. హెడ్ కానిస్టేబుల్‌ని తీసుకెళ్లలేదు. తీసుకెళ్తే తలుపు తొందరగా తెరుచుకునేదని కొందరన్నారు. నిజమే, కానీ సొంత అక్క తలుపు కొట్టించడం అనవసరమైన క్రూరత్వం, పైగా సాక్షిని అరెస్టు బృందంలో కలపడం చట్టరీత్యా తలనొప్పి.

ముందు ఆమె కొడుకు ఇంట్లో లేడంది. ఆ మాటను పట్టుకుని గొడవ చేయలేదు. గుమ్మంలోనే నిలబడి చట్టం చెప్పాను. "అమ్మా, మీవాడి మీద ఇప్పుడున్నది 304ఏ, నిర్లక్ష్యంతో చావుకు కారణమైన కేసు. అది బెయిలబుల్. దాచిపెడితే దాచినవాళ్ల మీద ఇంకో కేసు. భర్తను భార్య దాచినా, భార్యను భర్త దాచినా చట్టం వదిలేస్తుంది గానీ తల్లికి ఆ మినహాయింపు లేదమ్మా." ఐపీసీ 212లో, ఇప్పటి బీఎన్ఎస్ 249లో ఉన్నది అదే. మన సమాజంలో తల్లీకొడుకుల బంధమే అన్నిటికన్నా గట్టిదని అనుకుంటాం. చట్టం మాత్రం భార్యాభర్తలకే ఆ వెసులుబాటు ఇచ్చింది. తల్లికి, అక్కకి, మేనమామకి లేదు. ఇది స్టేషన్లో పనిచేసే ప్రతివాళ్లకీ, వాళ్ల ఇంట్లోవాళ్లకీ తెలిసి ఉండాలి.

కొంతసేపటికి ఆమే లోపలికెళ్లి కొడుకుని లేపింది. ఆమెను నిందితురాలిగా చేర్చాలా అని తర్వాత చర్చ వచ్చింది. తలుపు దగ్గర అన్న ఒక్క అబద్ధానికి, తానే సరిదిద్దుకున్నదానికి, కేసు పెట్టడం నాకు సబబనిపించలేదు. పీపీ అభిప్రాయం కూడా అదే. ఫైలులో కారణాలు రాసి వదిలేశాను.

బ్రెత్ ఎనలైజర్ పాజిటివ్ వచ్చింది. 3:10కి ఏరియా ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ రక్తం తీశారు. కొత్తవాళ్ల కోసం రెండు జాగ్రత్తలు: సూది గుచ్చే చోట స్పిరిట్ దూదితో తుడవకూడదు, సబ్బు నీళ్లతోనే శుభ్రం చేయాలి. రక్తం సోడియం ఫ్లోరైడ్ ఉన్న సీసాలోనే తీసి సీలు వేయాలి. లేదంటే శాంపిల్‌లో ఆల్కహాల్ పెరిగిందనో తగ్గిందనో వాదిస్తారు. ఈ కేసులో వాదించారు కూడా. డాక్టర్ నోట్సులో రెండూ రాసి ఉన్నాయి కాబట్టి నిలబడలేదు.

పొద్దున్నే రోడ్డు మీద

8 గంటలకు చనిపోయినతని ఊరివాళ్లు ఆసుపత్రి ముందు రోడ్డు మీద బైఠాయించారు. స్టిక్కర్ సంగతి, మేనమామ సంగతి ఎలాగో బయటికొచ్చేసింది. "పోలీసులు పోలీసోడి మేనల్లుణ్ణి దాచేస్తున్నారు" అని నినాదాలు. హత్య కిందికి వచ్చే సెక్షన్ పెట్టాలని, చావు జరగొచ్చని తెలిసీ చేసిన నరహత్యకు పెట్టే 304 పార్ట్ 2 పెట్టాలని డిమాండ్లు.

ఇలాంటి చోట మామూలుగా మనం "దర్యాప్తు జరుగుతోంది, ఎవరినీ వదిలిపెట్టం" అని చెప్పి తప్పుకుంటాం. నేను చనిపోయినతని తమ్ముణ్ణి, ఊరి పెద్దలు ఇద్దర్ని పక్కకి పిలిచి ఉన్నది చెప్పాను. నిందితుడు మా హెడ్ కానిస్టేబుల్ మేనల్లుడే. ఆ సంగతి మాకు చెప్పింది ఆ హెడ్ కానిస్టేబులే. రాత్రి 3:10కి రక్తం తీశాం, కారు సీజ్ చేశాం, అతన్ని ఈ కేసు నుంచి తప్పించాం. ఎఫ్ఐఆర్ కాపీ తమ్ముడి చేతికిచ్చాను. సీఆర్పీసీ సెక్షన్ 154(2) ప్రకారం అది అతనికి ఉచితంగా రావాల్సిందే. గంటన్నరలో రోడ్డు ఖాళీ అయింది.

అలా చెప్పగలగడానికి కారణం నా మాటకారితనం ఏమీ కాదు. రాత్రి 2 గంటలకే అన్నీ కాగితం మీద ఉన్నాయి. అదే సంగతి జనం అరిచాక పొద్దున 9కి రాసి ఉంటే, ఒక్క అక్షరం మారకపోయినా, ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

304 పార్ట్ 2 మీద నేను చాలా ఆలోచించాను. తాగి నడిపి ఏడుగురు కూలీల చావుకు కారణమైన ముంబై కేసులో సుప్రీంకోర్టు 2012లో ఆ సెక్షన్ కింద శిక్షను నిలబెట్టింది, అలిస్టర్ పరేరా కేసు అంటారు. మా దగ్గర వేగానికి గట్టి సాక్ష్యం లేదు, చూసినవాళ్లు లేరు. నిందితుడు పోలీసు బంధువు కావడంతో చిన్న సెక్షన్ పెట్టారనే మాట తప్పించుకోవడానికి పెద్ద సెక్షన్ పెట్టడం కూడా పక్షపాతమే, అటువైపుకి. పీపీ అభిప్రాయం తీసుకుని 304ఏ (ఇప్పుడు బీఎన్ఎస్ 106(1)), నిర్లక్ష్యంగా బండి నడిపినందుకు 279, మోటారు వాహనాల చట్టం 185, ఆగకుండా పోయినందుకు 134, 187 కలిపి ఛార్జిషీటు వేశాం.

మావయ్యతో చెప్పాడా, పోలీసుతో చెప్పాడా

విచారణలో మొదట వచ్చిన ప్రశ్న ఇదే. 11:40 ఫోన్‌లో మేనల్లుడు తానే గుద్దానని ఒప్పుకున్నాడు. వాడి మనసులో అది మావయ్యతో చెప్పుకున్న మాట. కానీ ఎవిడెన్స్ యాక్ట్ సెక్షన్ 25 (ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 23) ప్రకారం పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు నిందితుడి మీద సాక్ష్యంగా పనికిరాదు. ఆ అధికారి మేనమామ అయినా అంతే, ఆ కేసు దర్యాప్తు అతనిది కాకపోయినా అంతే. కాబట్టి ఫోన్‌లో చెప్పిన మాటలు కోర్టు ముందుకు రాలేదు. ఫోన్ చేశాడన్న సంగతి, ముక్క దొరికిన సంగతి, స్టిక్కర్ గుర్తుపట్టిన సంగతి మాత్రమే వచ్చాయి. బంపర్ ముక్క విరిగిన అంచు కారు బంపర్‌కి సరిగ్గా అతుకుతుందని ఫోరెన్సిక్ ల్యాబ్ తేల్చింది. మోటార్ సైకిల్‌కి అంటిన రంగు కూడా కలిసింది.

డిఫెన్స్ వాదన ఊహించిందే: ప్రమాదం అయ్యాక టెన్షన్‌తో ఇంటికెళ్లి తాగాడు, అందుకే రక్తంలో ఆల్కహాల్ ఉంది. హైవే పక్క దాబా సీసీటీవీలో 9:50కి అతను గ్లాసు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మర్నాడే ఆ ఫుటేజీ తీసుకోవడం కలిసొచ్చింది. దాబాల్లో రికార్డింగు కొద్దిరోజులకే చెరిగిపోతుంది.

మోహన్‌లాల్ కేసులో 2018 ఆగస్టులో సుప్రీంకోర్టు ఫిర్యాదుదారు, దర్యాప్తు అధికారి ఒకరే కాకూడదని చెప్పింది. దాన్ని చూపించి, హెడ్ కానిస్టేబుల్‌కి కేసులో సొంత సంబంధం ఉంది కాబట్టి దర్యాప్తు మొత్తం చెల్లదన్నారు. విచారణ నాటికి 2020 ఆగస్టు 31న ముకేశ్ సింగ్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం దాన్ని మార్చింది. పక్షపాతం ఉందా లేదా అన్నది ఏ కేసుకి ఆ కేసు చూసి తేల్చాలి. మా కేసులో అతను దర్యాప్తులో లేడని డైరీ ఎంట్రీయే చెప్పింది.

హెడ్ కానిస్టేబుల్ సాక్షి బోనులో దాదాపు గంటన్నర నిలబడ్డాడు. అక్కతో ఇంటి స్థలం తగాదా ఉందని, ఆ కక్షతోనే ఇరికించాడని లాయరు గారు సూచించారు. "లేదండి" అన్నాడు. చివర్లో ఆయన అడిగారు: "నీ మేనల్లుడు జైలుకెళ్లాలని నీకుందా?" సమాధానం కోర్టు రికార్డులో ఉంది: "లేదండి. కానీ ఆ ముక్క ఆ కారుదేనండి."

2021లో మేజిస్ట్రేట్ కోర్టు శిక్ష వేసింది. అప్పీల్లో శిక్షాకాలం తగ్గింది, నేర నిర్ధారణ అలాగే నిలిచింది. ట్రిబ్యునల్‌లో భార్యాపిల్లలకు పరిహారం మంజూరై డబ్బు అందింది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది అదే.

ఆ రెండు గంటలకి ఏం చేశాం

కొందరు అధికారులు సాక్ష్యం మాయం చేసినందుకు 201 (బీఎన్ఎస్ 238), నిందితుణ్ణి కాపాడే ప్రయత్నానికి 217 (బీఎన్ఎస్ 255) పెట్టమన్నారు. ఇంకొందరు తానే చెప్పాడు కాబట్టి అసలు మాటే ఎత్తొద్దన్నారు. ఎస్పీకి రాసిన రిపోర్టులో రెండూ పెట్టాను. ముక్క గుర్తుపట్టి చెప్పకుండా ఉండటం, నిందితుడి ఇంటికి ముందే ఫోన్ చేసి సమాచారం ఇవ్వడం తప్పు. ముక్కను పారేయలేదు, ఎవరూ అడగకముందే, అబద్ధపు కాగితం మీద సంతకం పడకముందే తానే చెప్పాడు. కాపాడాలనే ఉద్దేశం ఖాయమై ఉంటే ఆ ఫోన్ వచ్చేది కాదు. క్రిమినల్ కేసు వద్దని, శాఖాపరమైన చర్య కావాలని సిఫార్సు చేశాను. ఉద్యోగుల క్రమశిక్షణకు సంబంధించిన 1991 సీసీఏ రూల్స్ కింద ఛార్జి మెమో ఇచ్చి, ఒక ఇంక్రిమెంటు వాయిదా వేశారు, వేరే స్టేషన్‌కి మార్చారు. న్యాయంగానే జరిగిందని నా అభిప్రాయం. శిక్ష లేకపోతే తర్వాతివాడు ఆ రెండు గంటల్ని నాలుగు గంటలు చేస్తాడు. శిక్ష మరీ పెద్దదైతే తర్వాతివాడు ఫోనే చేయడు.

అక్క చాలాకాలం మాట్లాడలేదు. అతని కూతురి పెళ్లికి రాలేదు. మేనత్త చేయాల్సిన లాంఛనాలు వేరేవాళ్లు చేశారు. ఇప్పుడు ఫోన్లో మాటలున్నాయి, రాకపోకలు లేవు. ఈ ఖర్చుకు ఏ రూల్ బుక్కులోనూ పద్దు లేదు. డిపార్ట్‌మెంట్‌లో కూడా కొందరు అతన్ని సొంతవాణ్ణే పట్టించినవాడిగానే చూశారు.

ఇలాంటి వాళ్లను పేపర్లు హీరోలను చేయడం కూడా మేలు చేయదు. అస్సాంలోని నాగావ్ జిల్లాలో జున్మోని రాభా అనే మహిళా ఎస్ఐ 2022 మేలో, తనతో పెళ్లి నిశ్చయమైన వ్యక్తినే ఉద్యోగాల పేరుతో మోసం చేసిన కేసులో అరెస్టు చేసింది. దేశమంతా మెచ్చుకుంది. మరుసటి నెలలో అదే వ్యవహారంలో ఆమె మీదే ఆరోపణలొచ్చి ఆమె అరెస్టయింది, సస్పెండైంది. 2023 మేలో రోడ్డు ప్రమాదంలో చనిపోయింది, దాని మీదా దర్యాప్తు నడిచింది. ఆరోపణల నిజానిజాల జోలికి నేను వెళ్లను. సొంత మనిషి మీద కేసును సొంత చేతులతో నడిపిన అధికారికి చప్పట్లు రక్షణ ఇవ్వవు. వేరేవాళ్ల చేతికి ఇచ్చిన కేసే ఆమెకీ, కేసుకీ రక్షణ అయ్యేది.

జడ్జికి, మేజిస్ట్రేట్‌కి తనకు సొంత ప్రయోజనం ఉన్న కేసు విచారించకూడదని కోడ్‌లోనే ఉంది, సీఆర్పీసీ 479, ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 525. దర్యాప్తు చేసే పోలీసుకి అలాంటి సెక్షన్ లేదు. అందుకే క్లాసులో ప్రతిసారీ ఒకే ప్రశ్న వస్తుంది: "సార్, మేం అలా ఫోన్ చేసి చెబితే మాకే మెమో రాదని గ్యారంటీ ఏంటి?" రాతపూర్వకంగా అలాంటి గ్యారంటీ నేను చూడలేదు. ఎస్పీలు ఎవరు కలిసినా జిల్లా స్థాయిలో ఒక స్టాండింగ్ ఆర్డర్ ఇవ్వమని అడుగుతున్నాను. దాని ముసాయిదా కూడా రాసి ఇచ్చాను. సారాంశం ఇది: కేసులో బాధితుడో, నిందితుడో, వాహన యజమానో తన బంధువని తెలిసిన ఏ ర్యాంకు సిబ్బంది అయినా, బంధువులెవరికీ ఫోన్ చేయకముందే, సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాలి. బంధుత్వం ఏమిటో, ఎన్నింటికి తెలిసిందో, అప్పటిదాకా తాను ఏం చేశాడో జనరల్ డైరీలో రాయించాలి. గంటలోపు ఆ కేసు ఇంకొకరి చేతికి వెళ్లాలి. అలా వెంటనే చెప్పినందుకు అతని మీద ఏ చర్యా ఉండదు. ఆలస్యం చేస్తే, ఎంత ఆలస్యమో అంతకు తగ్గ చర్య ఉంటుంది.